అద్దం మీద అంకె కోసం ఆరు లక్షలా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఒంగోలులో ఉంటాం, చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం. ఇన్నాళ్లకు ఒక జర్మన్ ఎస్‌యూవీ తీసుకుందామనుకుంటున్నాను. షోరూమ్‌లో రెండు వేరియంట్లు చూపించారు. పై వేరియంట్ ఎక్స్ షోరూమ్ ధరే ఆరు లక్షలు ఎక్కువ. అందులో వేగం లాంటివి ముందు అద్దం మీద చూపించే హెడ్ అప్ డిస్‌ప్లేతో పాటు ఇంకొన్ని ఉన్నాయి. అక్కడి కుర్రాడు అద్దం మీద అంకెలు చూపించి, "సార్, ఇది లేకపోతే లగ్జరీ కారే కాదు" అన్నాడు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి కూడా తప్పకుండా తీసుకోమంటున్నాడు. మా బావమరిది మాత్రం తన చిన్న కారులో అది ఉందనీ, రెండు నెలలకే ఆపేశాననీ, డబ్బు దండగనీ అంటున్నాడు. వారంలో ఎక్కువ రోజులు డ్రైవరే నడుపుతాడు. చెన్నై, హైదరాబాద్ వెళ్లేటప్పుడు మాత్రం నేనే స్టీరింగ్ పట్టుకుంటాను, అదీ తెల్లవారుజామునో రాత్రో. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడతాను. మా వైపు టిప్పర్ల నుంచి రాళ్లు ఎగిరి అద్దాలు పగలడం మామూలే, ఈ అద్దం పగిలితే ఎంతవుతుందో అని భయం. ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే దొరికే పరికరం పెట్టుకుంటే సరిపోదా? ఇంకొకటి: మా ఆవిడ డ్యాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి విగ్రహం పెట్టాలంటోంది. దానికీ దీనికీ ఏమైనా ఇబ్బందా?

జవాబు: షోరూమ్ కుర్రాడి మాట ముందు పక్కన పెట్టండి. హెడ్ అప్ డిస్‌ప్లే (హెచ్‌యూడీ) ఉంటేనే లగ్జరీ అనే రోజులు పోయాయి. 2022లో వచ్చిన మారుతీ బాలెనో పై వేరియంట్‌లోనే ఒక రకం హెచ్‌యూడీ ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1988లోనే ఓల్డ్స్‌మొబైల్ కట్లస్ సుప్రీమ్ కార్లు కొన్నింటిలో దీన్ని పెట్టింది. బీఎండబ్ల్యూ 5 సిరీస్‌కి ఇరవై ఏళ్ల పైనుంచీ ఉంది. పైగా, అద్దం మీద అంకె వెలుగుతున్న సంగతి పక్క సీట్లో కూర్చున్న చుట్టానికి తెలియను కూడా తెలియదు. నడిపేవాళ్ల కంటికి తప్ప ఇంకెవరికీ ఆనదు. గొప్ప చూపించుకోవడానికి ఇంతకంటే పనికిరాని ఫీచర్ కారులో ఇంకోటి లేదు.

కాబట్టి చూడాల్సింది ఆ సీట్లో ఎవరు కూర్చుంటారు, వాళ్ల కళ్లు ఎలా ఉన్నాయి, ఏ వేళప్పుడు ఏ రోడ్డు మీద నడుపుతారు అని. మీ ఉత్తరం చదివాక నాకనిపించింది ఇదీ: హెచ్‌యూడీ మీకు పనికొస్తుంది. మీ అబ్బాయికంటే మీకే ఎక్కువ పనికొస్తుంది. కానీ దాని ఒక్కదాని ముఖం చూసి ఆరు లక్షలు పెట్టకండి.

మీ కళ్ల సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే షోరూముల్లో ఎవరూ మాట్లాడని విషయం ఇదే. నలభై దాటాక చత్వారం వస్తుంది. కంట్లో ఉండే కటకం గట్టిపడి, దూరం నుంచి దగ్గరికి, దగ్గర నుంచి దూరానికి చూపు మార్చడం నెమ్మదిస్తుంది. కారులో స్పీడోమీటరు మీ కంటికి సుమారు ముప్పాతిక మీటరు దూరంలో ఉంటుంది. రోడ్డు మీద నుంచి చూపు దించి మీటరు చూసినప్పుడల్లా కంటికి రెండు పనులు పడతాయి. ఒకటి కిందికి తిరగడం, రెండోది దగ్గరికి ఫోకస్ మార్చుకోవడం. మళ్లీ రోడ్డు వైపు తిరిగినప్పుడు ఆ రెండూ వెనక్కి చేయాలి. ఇరవై ఐదేళ్ల కుర్రాడి కంటికి రెండో పని జరిగినట్టే తెలియదు. యాభై దాటిన కంటికి అది కాసేపు పట్టే పని.

దీనికి తోడు మీవి ప్రోగ్రెసివ్ అద్దాలు. వాటిలో పై భాగం దూరానికి, కింది భాగం చదవడానికి, మధ్యలో సన్నని దారి లాంటి చోటు మధ్య దూరానికి. మీటరు పడేది సరిగ్గా ఆ సన్నటి చోట్లో. ఈసారి రాత్రి నడిపేటప్పుడు గమనించండి, మీటరు చూడాలంటే మీ గడ్డం దానంతటదే కొంచెం పైకి లేస్తుంది. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది కాబట్టి ఆ మసక మరికాస్త పెరుగుతుంది కూడా.

హెచ్‌యూడీ అంకె అలా కాదు. అద్దం మీద ఉన్నట్టు అనిపించినా, కంటికి అది రెండు, రెండున్నర మీటర్ల దూరంలో, దాదాపు బానెట్ కొస మీద తేలుతున్నట్టు కనిపిస్తుంది. మీ కళ్లద్దాల పై భాగంలోంచే, తల కదపకుండా చదవొచ్చు. ఫోకస్ మార్చుకోవాల్సిన శ్రమ చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం అనను. యుద్ధవిమానాల్లో ఉండే హెచ్‌యూడీలో బొమ్మ అనంత దూరంలో ఉన్నట్టు అమరుస్తారు. మన తేజస్‌కి చండీగఢ్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఓ తయారుచేసి ఇచ్చిందీ ఆ రకమే. పైలట్‌కి ఆకాశమూ అంకే ఒకే ఫోకస్‌లో ఉంటాయి. కార్లలో అంత దూరం తీసుకెళ్లరు. అయినా ముప్పాతిక మీటరుకీ రెండున్నర మీటర్లకీ చత్వారం కంటికి చాలా తేడా.

ఆ తేడా ఎందుకు ముఖ్యమంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి 120 దాకా పోనిస్తున్నారు. ఆ వేగంలో సెకనుకు 33 మీటర్లు. మీరు వెళ్లే దారులు మీకు నేను చెప్పక్కర్లేదు. చెన్నై వైపు జాతీయ రహదారి 16 మీద డివైడరు తెగిన ప్రతి చోటా ఎదురొచ్చే బైకులు, హైదరాబాద్ వెళ్లేటప్పుడు అద్దంకి-నార్కట్‌పల్లి దారిలో వెనక లైటు లేకుండా పోయే ట్రాక్టర్లు, తెల్లవారుజామున రోడ్డు దాటే గేదెలు. మీటరు చూడ్డానికి తీసుకున్న ఆ ఒక్క సెకనులో ఒక ట్రాక్టరు కనబడకుండా పోవచ్చు. మీ అబ్బాయికి హెచ్‌యూడీ ఒక సౌకర్యం. మీకు అంతకంటే ఎక్కువ.

ఇక మీ బావమరిది గారి మాట. ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఆయన కారులో ఉన్నదీ మీకు చూపించిందీ ఒకటి కాదు. రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే మన ముఖం బయట చెట్ల మధ్య తేలుతూ కనిపిస్తుంది చూడండి, హెచ్‌యూడీ సూత్రం అంతే. డ్యాష్‌బోర్డు లోపల ఒక చిన్న తెర, దాని మీద బొమ్మను పెద్దది చేసి దూరంగా చూపించే పుటాకార దర్పణం, ఆ వెలుగు వచ్చి తగిలే అద్దం. మీరు చూసిన ఎస్‌యూవీలో ఆ అద్దం ముందు విండ్‌షీల్డే. చిన్న కార్లలో ఖర్చు కలిసిరావాలని మీటరు మీద ఒక చిన్న పారదర్శకమైన పలక నిలబెట్టి, వెలుగును దాని మీద వేస్తారు. బాలెనో, బ్రెజా లాంటివాటిలో ఉండేది ఈ పలక రకం. బొమ్మ చిన్నది, మరీ దూరంగానూ ఉండదు, పైగా కొందరికి ఆ పలక అంచు ఎప్పుడూ కంటికి అడ్డం పడుతున్నట్టు ఉంటుంది. దాన్ని వాడి విసుగెత్తినవాళ్ల అభిప్రాయం దానికి సరిపోతుంది. విండ్‌షీల్డు మీద పడేదాన్ని దానితో తూచకూడదు.

విండ్‌షీల్డు రకంలో ఒక చిక్కు ఉంది. గాజుకు రెండు ముఖాలు, లోపలిదీ బయటిదీ. రెండూ వెలుగును తిప్పికొడతాయి. మామూలు అద్దం మీద వేస్తే ఒక అంకె మీద ఇంకో అంకె నీడలా పడి, 8 చూస్తే జంట ఎనిమిదుల్లా ఉంటుంది. అందుకే హెచ్‌యూడీ ఉన్న కార్ల విండ్‌షీల్డులో రెండు గాజు పొరల మధ్య ఉండే ప్లాస్టిక్ పొరను పై వైపు రవ్వంత మందంగా, కింది వైపు పలచగా పోస్తారు. కంటికి కనబడని తేడా అది, కానీ రెండు ప్రతిబింబాలూ ఒకదాని మీద ఒకటి కూర్చునేది దానివల్లే. ఈ సంగతి గుర్తుంచుకోండి, రాళ్ల విషయానికి వచ్చినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

పగటి పూట కూలింగ్ గ్లాసులు పెట్టుకునే అలవాటుంటే ఒక మాట. అవి పోలరైజ్డ్ రకమైతే హెచ్‌యూడీ అంకె బాగా మసకబారుతుంది, కొన్ని కార్లలో దాదాపు మాయమవుతుంది. ఏటవాలు గాజు మీద పడి తిరిగొచ్చే వెలుగు చాలావరకు అడ్డంగా కంపించే వెలుగు. తారు రోడ్డు మీద, నీళ్ల మీద మెరిసే ఎండ కూడా అదే రకం. ఆ మెరుపును ఆపడానికే పోలరైజ్డ్ అద్దాలు ఉన్నాయి కనుక హెచ్‌యూడీనీ ఆపేస్తాయి. మీ అద్దాలు ఆ రకమో కాదో తెలియకపోతే, షోరూమ్ కారులో కూర్చుని అవి పెట్టుకుని అంకె చూడండి. మసకగా ఉంటే తల పక్కకి, భుజం మీదికి వంచండి. వెంటనే అంకె వెలిగితే పోలరైజ్డే. అప్పుడు డ్రైవింగ్‌కి మామూలు టింటు అద్దాలు, మీ పవర్‌తో, వేరేగా చేయించుకోవాలి. రాత్రీ తెల్లవారుజామూ నడుపుతానన్నారు కాబట్టి మీకు ఇది పెద్ద అడ్డంకి కాదు.

కొన్నాక ఎలా వాడాలన్నది కూడా కొనాలా వద్దా అన్నంత ముఖ్యం. షోరూమ్‌లో దాన్ని నిండా అలంకరించి చూపిస్తారు. వేగం, వేగ పరిమితి, దారి బాణం, లేన్ గీతలు, ముందు కారుతో దూరం, పాట పేరు, ఫోన్ చేసినవాళ్ల పేరు. ఇవన్నీ ఉంచుకుంటే మీ బావమరిది మాటే నిజమవుతుంది, రెండు నెలల్లో మీరూ ఆపేస్తారు. విమానాల మీద చేసిన పరిశోధనల్లో ఇది ఎప్పుడో బయటపడింది. 1980లో నాసా ప్రచురించిన ఒక సిమ్యులేటర్ అధ్యయనంలో, హెచ్‌యూడీ చూస్తూ దిగుతున్న అనుభవజ్ఞులైన పైలట్లలో కొందరు రన్‌వే మీద అడ్డంగా ఉన్న ఇంకో విమానాన్ని గమనించనే లేదు. కళ్లు ఆ వైపే ఉన్నాయి, మనసు మాత్రం అంకెల మీద ఉంది. కళ్లు రోడ్డు మీద ఉన్నంత మాత్రాన రోడ్డు చూస్తున్నట్టు కాదన్నమాట. కాబట్టి సెట్టింగుల్లోకి వెళ్లి వేగం, దారి బాణం, క్రూజ్ కంట్రోల్ వాడితే దాని అంకె, ఇంతవరకే ఉంచండి. పాటలూ ఫోన్లూ తీసేయండి. అంకెను మరీ రోడ్డు మధ్యలోకి ఎత్తకండి. బానెట్ అంచుకి కొంచెం పైన, ముందు వెళ్లే లారీ చక్రాల కింద పడేలా దించుకుంటే చాలు. రాత్రిళ్లు వెలుగు దానంతటదే తగ్గుతుంది, మీకు ఇంకా ఎక్కువనిపిస్తే మరో రెండు మెట్లు తగ్గించుకోండి.

వేగ పరిమితి బోర్డులను కెమెరాతో చదివి చూపించే సదుపాయం ఉంటే దాన్ని పూర్తిగా నమ్మకండి. సర్వీస్ రోడ్డు పక్కన పెట్టిన 30 బోర్డు చదివి హైవే మీద మిమ్మల్ని కంగారు పెడుతుంది. అలాగే గూగుల్ మ్యాప్స్‌లో చూపే వేగం కంటే హెచ్‌యూడీలో నాలుగైదు ఎక్కువ కనిపిస్తే అది లోపం కాదు. స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదన్నది నిబంధన, అందుకని కంపెనీలు కాస్త ఎక్కువ చూపేలానే పెడతాయి. హెచ్‌యూడీలో వచ్చేది ఆ స్పీడోమీటరు అంకే.

ఇప్పుడు రాళ్ల సంగతి. మీ భయం న్యాయమైనదే. హెచ్‌యూడీ ఉన్న కారు విండ్‌షీల్డు మామూలుదానికంటే ఖరీదు. పైన చెప్పిన ఆ ప్రత్యేక పొర ఒక కారణం. వెనక చూసే అద్దం దగ్గర ఉండే కెమెరా ఇంకో కారణం, అద్దం మార్చాక దాన్ని మళ్లీ సరిచేయించాలి, ఆ పనికి వేరే బిల్లు. అద్దం ధర మోడల్‌ని బట్టి చాలా మారుతుంది కాబట్టి షోరూమ్‌లో కాకుండా సర్వీస్ సెంటర్ పార్ట్స్ కౌంటర్‌లో అడగండి. మీ రెండు వేరియంట్ల విండ్‌షీల్డు ధరలూ, అమర్చే కూలీ, కెమెరా క్యాలిబ్రేషన్ చార్జీ విడివిడిగా రాయించుకోండి. అమ్మేవాళ్లు ఇంచుమించుగా చెబుతారు, పార్ట్స్ కౌంటర్‌లో కంప్యూటర్ చూసి చెబుతారు.

అయితే ఊరటనిచ్చే విషయం ఒకటుంది. కాంప్రిహెన్సివ్ పాలసీలో గాజు భాగాలకు తరుగుదల కోయరు, తరుగుదల కోతను తప్పించే జీరో డిప్ యాడ్-ఆన్ తీసుకోకపోయినా సరే. 1500 సీసీ దాటిన కార్లకు తప్పనిసరిగా మనం కట్టుకోవాల్సింది 2,000 రూపాయలు. పాలసీలో అదనంగా ఇంకేమైనా రాసి ఉందేమో చూసుకోండి. దెబ్బ తగిలేది నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ)కి. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన కారుకి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, 50 శాతం దాకా తగ్గింపు వస్తుంది, ఒక్క అద్దం క్లెయిమ్‌తో అది పోతుంది. ఇంత ఖరీదైన కారుకి ఆ తగ్గింపు తక్కువేం కాదు. చీమకుర్తి క్వారీల రోడ్డు మీద రోజూ తిరిగే కారుకి ఎన్‌సీబీ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ తీసుకోమనే నా సలహా.

ఇక్కడే ఒక జాగ్రత్త. అద్దం పగిలినప్పుడు బయటి గ్లాస్ షాపులో సగం ధరకి వేస్తామంటారు. వేసేస్తారు కూడా, అతికినట్టు సరిపోతుంది. కానీ అది హెచ్‌యూడీ కోసం చేసిన అద్దం కాకపోతే ఆ రాత్రి నుంచే అంకెలు జంటగా కనిపిస్తాయి. సెట్టింగులు ఎంత మార్చినా అది పోదు. ఇన్సూరెన్స్ క్యాష్‌లెస్‌లో పంపినా సరే, సర్వీస్ ఎస్టిమేట్ కాగితం మీద హెచ్‌యూడీ అద్దం అని రాసి ఉందో లేదో చూసి సంతకం పెట్టండి. చిన్న చుక్క పగులు అయితే రెజిన్ నింపి ఆపొచ్చు, కానీ అది సరిగ్గా అంకె పడే చోట ఉంటే నింపినా మచ్చ కనిపిస్తుంది, అక్కడ అద్దం మార్చడమే దారి. అలాగే లోపలి వైపు సన్ ఫిల్మ్ వేయించే ఆలోచన ఉంటే ముందు అద్దం జోలికి పోకండి.

డ్రైవర్ సంగతి. అద్దం మీద బొమ్మ కనిపించేది ఒక చిన్న పెట్టెలాంటి చోట్లో కళ్లు ఉన్నప్పుడే. మీరు అయిదడుగుల పది అంగుళాలు, మీ డ్రైవరు అయిదున్నర అనుకుందాం. మీకు అమర్చింది అతనికి కొంత భాగం తెగి కనిపిస్తుంది. సీటు మెమరీ బటన్లతో పాటు హెచ్‌యూడీ ఎత్తు కూడా గుర్తుపెట్టుకునే కార్లు ఉన్నాయి, మీరు చూసినది అలాంటిదో కాదో కనుక్కోండి. అలా అయితే ఒకటో నంబరు మీది, రెండోది అతనిది. లేకపోతే మీరు స్టీరింగ్ దగ్గర కూర్చున్నప్పుడల్లా ముందు సీటు, తర్వాత అద్దాలు, ఆ తర్వాత హెచ్‌యూడీ సరిచేసుకోవాలి. ఒక్క మాట, డ్రైవర్లలో చాలామంది దీన్ని ఆపేసే నడుపుతారు. అలవాటు లేని పని కాబట్టి తప్పుపట్టక్కర్లేదు. మీరు వారానికి ఒక్కసారైనా నడపకుండా, ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునే మనిషైతే ఈ ఉత్తరానికి నా జవాబు ఒక్క ముక్కలో అయిపోయేది: వద్దు.

ఆగ్మెంటెడ్ రియాలిటీ అని ఇంకో రకం గురించి కూడా షోరూమ్‌లో చెప్పే ఉంటారు. దారి బాణం గాల్లో రోడ్డు మీదే గీసినట్టు కనిపిస్తుంది. మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో బొమ్మను పది మీటర్ల దూరంలో ఉన్నట్టు చూపిస్తారు. మన మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ, బీఈ 6 విద్యుత్ కార్లలోనూ ఆ పేరుతో ఇస్తున్నారు. చూడముచ్చటగా ఉంటుంది, చత్వారం కంటికి పది మీటర్ల దూరం ఇంకా మేలు కూడా. కానీ బాణం ఎంత కచ్చితంగా పడుతుందన్నది లేన్ గీతల మీదా మ్యాపు మీదా ఆధారపడుతుంది. మన రోడ్ల మీద గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతాయో మనకే తెలియదు. దాని కోసం అదనంగా ఖర్చు పెట్టమని నేనైతే చెప్పను.

ఆన్‌లైన్‌లో దొరికే పరికరం వద్దు. స్టీరింగ్ కింద, మెకానిక్‌లు కారు కంప్యూటర్‌ని తనిఖీ చేయడానికి వాడే ఓబీడీ సాకెట్‌లో వైరు గుచ్చి, డ్యాష్‌బోర్డు మీద ఒక డబ్బా పెట్టి, విండ్‌షీల్డుకి చిన్న ఫిల్మ్ ముక్క అతికించుకోవాలి. బొమ్మ జంటగా వస్తుంది, మిట్టమధ్యాహ్నం కనిపించదు, గట్టిగా బ్రేకు కొడితే ఆ డబ్బా జారి ఎక్కడికొస్తుందో తెలియదు. కొత్త కారు ఓబీడీ సాకెట్‌లో బయటి వస్తువు పెట్టి, రేపు ఏదైనా ఎలక్ట్రికల్ సమస్య వస్తే వారంటీ దగ్గర వాదించుకోవాల్సి వస్తుంది. అంత కారు కొని ఆ తలనొప్పి ఎందుకు? మీటరు పెద్ద అంకెల్లో కనిపించేలా మార్చుకునే సదుపాయం ఇప్పటి డిజిటల్ క్లస్టర్లలో ఉంటుంది. కింది వేరియంట్ తీసుకుంటే, సర్వీస్ అడ్వైజర్‌ని అడిగి ఆ పెద్ద అంకె పెట్టించుకోండి. హెచ్‌యూడీ ఇచ్చే మేలులో కొంత అలా ఉచితంగానే వస్తుంది.

డబ్బు సంగతికి వద్దాం. ఎక్స్ షోరూమ్‌లో ఆరు లక్షల తేడా అంటే చేతి నుంచి పోయేది ఆరు కాదు. లైఫ్ ట్యాక్స్ కారు ధర మీదే కడతారు, ఇన్సూరెన్స్ కూడా ఆ ధరను బట్టే. రెండు వేరియంట్ల ఆన్ రోడ్ కొటేషన్లూ పక్కపక్కన పెట్టి తేడా చూడండి, ఏడు దాటినా ఆశ్చర్యపోకండి. సెకండ్ హ్యాండ్‌లో ఆ డబ్బు తిరిగొస్తుందని ఆశపడకండి కూడా. వాడిన కారు కొనేవాళ్లు సన్‌రూఫ్ ఉందా అని అడుగుతారు, హెచ్‌యూడీ ఉందా అని అడిగేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

అయితే ఆ ఆరు లక్షల్లో హెచ్‌యూడీ ఒక్కటే రాదు కదా. "ఇంకొన్ని ఉన్నాయి" అని రాసి ఊరుకున్నారు, అసలు విషయం అందులోనే ఉంది. వేరియంట్ల పట్టిక తీసుకుని ముందుగా హెడ్‌లైట్ల దగ్గర వేలు పెట్టండి. ఎదురొచ్చే వాహనం మీద మాత్రమే వెలుగు ఆర్పి, మిగతా రోడ్డంతా హైబీమ్‌లో ఉంచే మ్యాట్రిక్స్ ఎల్‌ఈడీ లైట్లు పై వేరియంట్‌లోనే ఉంటే, రాత్రి ప్రయాణాలు చేసే మీకు అవి హెచ్‌యూడీ కంటే ఎక్కువ విలువైనవి. నేనైతే వాటి కోసమే సగం డబ్బు ఇచ్చినట్టు అనుకుంటాను. ఆ తర్వాత ముందు కారుతో దూరం చూసుకునే అడాప్టివ్ క్రూజ్, పక్క నుంచి వచ్చే బైకుని పసిగట్టే బ్లైండ్ స్పాట్ హెచ్చరిక, సీట్లకి గాలి. ఒంగోలు మే నెలలో ఆ సీటు గాలిని తక్కువ చేసి మాట్లాడను. వీటిలో రెండు మూడు మీకు నిజంగా కావలసినవై, హెచ్‌యూడీ వాటితో పాటు వస్తుంటే, పై వేరియంట్ తీసుకోండి. అలా కాకుండా మిగతావన్నీ తోలు రంగులూ, లోపలి దీపాలూ, పెద్ద చక్రాలూ అయితే కింది వేరియంట్ తీసుకుని డబ్బు మిగుల్చుకోండి. పెద్ద చక్రాలంటే టైరు పక్కగోడ పలచన, మన గుంతల్లో అదో ఖర్చు.

ఏదైనా సంతకం పెట్టే ముందు టెస్ట్ డ్రైవ్ రెండుసార్లు అడగండి, ఇవ్వకపోతే పట్టుబట్టండి. ఒకసారి మధ్యాహ్నం ఎండలో, సూర్యుడికి ఎదురుగా. అప్పుడు అంకె కనిపిస్తుందా, హెచ్‌యూడీ గుంట ఆకారం నల్లటి చదరంలా అద్దం మీద ప్రతిబింబిస్తూ మీకు చిరాకు పెడుతుందా చూసుకోండి. రెండోసారి పొద్దు గుంకాక, మీ ప్రోగ్రెసివ్ అద్దాలతోనే, ఊరి బయట రోడ్డు మీద. సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ని మాట్లాడకుండా కూర్చోమనండి. మొదటి పది నిమిషాలు అంకే కంటికి అడ్డం వస్తున్నట్టుంటుంది, అందరికీ అంతే. ఆ తర్వాత కూడా తల నొప్పిగానో, అంకె రెండుగానో, చూపు దాని మీదికే లాగుతున్నట్టో ఉంటే మీకు అది నప్పలేదని అర్థం. కొందరికి నప్పదు, కారణం వెతుక్కోనక్కర్లేదు. మీ ఫోన్ కూడా కలిపి చూడండి. కారు సొంత నావిగేషన్ బాణం మాత్రమే అద్దం మీద చూపించి, ఫోన్‌లోని గూగుల్ మ్యాప్స్ దారిని చూపించని కార్లు ఉన్నాయి. చెన్నైలో బంధువుల ఇల్లు వెతకడానికి మీరు వాడేది ఫోనే కాబట్టి అది ముందే తేల్చుకోవాలి.

ఇక స్వామివారి విగ్రహం. నిరభ్యంతరంగా పెట్టుకోండి, స్థలం మాత్రం చూసుకోండి. స్టీరింగ్ ముందు, మీటరు వెనకాల నల్లటి నున్నటి మూత ఉన్న గుంట కనిపిస్తుంది, హెచ్‌యూడీ వెలుగు వచ్చేది అందులోంచే. దాని మీద గానీ అంచు మీద గానీ ఏమీ ఉండకూడదు. ఎడమ వైపు కూడా వద్దు, అక్కడ డ్యాష్‌బోర్డు కింద ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, అది విచ్చుకుంటే విగ్రహం పక్క సీట్లో మీ ఆవిడ ముఖం మీదికే వస్తుంది. మధ్యలో, అద్దానికి దూరంగా, చిన్నది, మెరవనిది పెట్టండి. బాగా మెరిసే ఇత్తడిదైతే ఎండలో దాని ప్రతిబింబం కూడా అద్దం మీద పడుతుంది. మధ్యలో చిన్న నల్ల బొడిపె ఉంటే అది ఎండని పసిగట్టే సెన్సరు, దాన్ని కప్పకండి. డెలివరీ రోజు పూజలో పూజారి గారికి ఒక మాట ముందే చెప్పండి: పసుపు కుంకుమ బానెట్ మీద, అక్షింతలు ఎక్కడైనా సరే, హెచ్‌యూడీ మూత మీద మాత్రం నీళ్లు చల్లొద్దని. ఆ మూత సులువుగా గీతలు పడుతుంది, కుంకుమ పడ్డాక గుడ్డతో రుద్దితే ఇంకా తొందరగా. కారు కడిగే అబ్బాయికి కూడా చెప్పి ఉంచండి, డ్యాష్‌బోర్డుకి కొట్టే పాలిష్ స్ప్రే అక్కడ కొట్టకూడదు, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో పైపైన తుడిస్తే చాలు.